తమ్ముడు ఎక్కణ్ణుంచి వచ్చాడు?

మూడు నాలుగేళ్ల పిల్లలు ఈ ప్రశ్న వేయని ఇల్లుండదు. "ఆస్పత్రిలో కొనుక్కొచ్చాం" అని నవ్వేస్తాం. నచ్చలేదు, తిరిగి ఇచ్చేయమని పిల్ల మారాం చేస్తే తప్పెవరిది? "అమ్మ పొట్టలో పెరిగి వచ్చాడు" అంటే చాలు. అడిగినంతవరకే చెప్పండి, కసురుకోకండి.

తక్కిన పాఠం పెరట్లో, వీధిలో దొరుకుతుంది. కోడిపెట్ట 21 రోజులు పొదిగితే పిల్ల బయటికి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే గింజలు ఏరుకుంటుంది. పిల్లికూన కళ్లు తెరవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆవు చూలు కూడా మనిషికిలాగే సుమారు 9 నెలలు. అయినా దూడ పుట్టిన గంట, రెండు గంటల్లో లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుంది. మన పసికందుకు మెడ నిలవడానికే 3, 4 నెలలు. నడక రావడానికి ఇంచుమించు ఏడాది!

ఈ తేడా పెద్దపిల్లకు తెలియడం చంటిబిడ్డకు క్షేమం. తెలియకపోతే తమ్ముణ్ణి బొమ్మలా ఎత్తబోతుంది; ప్రేమకొద్దీ పిప్పరమెంటు నోట్లో పెడుతుంది. అది గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయం. "దూడకు ఆవుపాలలాగే తమ్ముడికి అమ్మపాలు. 6 నెలలు నిండేదాకా ఇంకేమీ పెట్టకూడదు" అని చెప్పండి. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని సరదాపడితే పిల్లను కింద కూచోబెట్టి, బిడ్డ మెడకింద మీ చెయ్యి ఆనించి ఒళ్లో పెట్టండి. ఇద్దర్నీ ఒంటరిగా మాత్రం వదలకండి.

మరో జాగ్రత్త. ఈనిన కుక్క, పిల్లి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. కూనల్ని దూరంనుంచే చూపించండి. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పసుపు, సున్నం వంటివి పూయకండి.