పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చిన రాత్రి: ఏం చేయాలి, ఏం అడగాలి

అర్ధరాత్రి. ఆర్నెల్ల బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఉన్నట్టుండి కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. తండ్రి పనికి వలస వెళ్లాడు. తల్లి చేతిలో వంద రూపాయలు కూడా లేవు. వాడ ఊరికి దూరం. కారు ఉన్నవాళ్లంతా ఊళ్లోనే. ఇలాంటి రాత్రి మన వాడల్లో చాలామందికి తెలుసు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 35 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారు. ఎస్సీల్లో ఈ సంఖ్య 40 దాటింది. జబ్బుకి కులం తెలియదు. వైద్యం అందడంలో జరిగే ఆలస్యానికి మాత్రం బాగా తెలుసు. ఆ ఆలస్యం మూడు చోట్ల జరుగుతుంది: ఇంట్లో, దారిలో, ఆసుపత్రి గుమ్మంలో.

ఇంట్లో

ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. బట్టలు వదులు చేయాలి. గట్టిగా అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు, పసరు పోయడం ప్రమాదం. ఊపిరి ఆడక బిడ్డ పోవచ్చు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు. ఎంతసేపు వచ్చిందో గడియారం చూసుకోవాలి. జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. ఆగినా డాక్టరుకు చూపించాల్సిందే. ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా, బిడ్డ తెలివిలోకి రాకపోయినా ఒక్క క్షణం కూడా ఆగొద్దు.

పాలు తాగలేకపోవడం, ఒళ్లు చల్లబడటం, పెదాలు నీలంగా మారడం, డొక్కలు ఎగరేయడం కూడా ప్రమాద సంకేతాలే. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తుంటే వాతలు పెట్టించే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. వాతతో నిమోనియా తగ్గదు. కాలిన పుండు తోడవుతుంది, విలువైన సమయం పోతుంది.

దారిలో

108కి ఫోన్ చేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఈ సర్వీసుకు డబ్బు కట్టక్కర్లేదు. బిడ్డ వయసు, లక్షణం, వాడకు దగ్గర్లోని గుర్తు చెప్పండి. ఒకరు టార్చిలైటుతో రోడ్డు మీద నిలబడితే బండి దారి తప్పదు. ఆశా కార్యకర్తకూ చెప్పండి. నెలలోపు బిడ్డనైతే తల్లి ఒంటికి ఆనించుకుని పైన గుడ్డ కప్పాలి. తెలివిగా ఉండి చప్పరించగలిగితే దారిలో పాలివ్వొచ్చు. మగతగా ఉంటే ఏమీ పోయొద్దు. అంతకుముందు వాడిన మందుల చీటీలు, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లండి.

ఆసుపత్రి గుమ్మంలో

ఎక్కువమంది భయపడేది ఇక్కడే. డబ్బు ఎంతవుతుందో, ఎవరు ఎలా మాట్లాడతారో అన్న బెరుకు కాలిని వెనక్కి లాగుతుంది. అందుకే హక్కు తెలిసుండాలి.

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రక్తం, పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే రవాణా, అన్నీ ఉచితం. మొదట 30 రోజుల పిల్లలకే ఉండేది, తర్వాత ఏడాది వరకు పెంచారు. 28 రోజుల్లోపు బిడ్డల కోసం నవజాత శిశువుల ప్రత్యేక వార్డులు ఉన్నాయి.

మంచాలు లేవని తిప్పి పంపడం కుదరదు. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి గాయపడిన ఒక కూలీని ఆసుపత్రులు వరుసగా తిప్పి పంపాయి. వ్యవసాయ కూలీల సంఘం ఆ కేసు నడిపింది. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు డాక్టరుకూ ప్రాణం కాపాడే బాధ్యత ఉందని 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. వేరే చోటికి పంపుతుంటే మూడు అడగండి: ముందు ప్రథమ చికిత్స, కారణం రాసిన రిఫరల్ చీటీ, అంబులెన్స్.

కులం పేరుతో అడ్డుకుంటే

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, దళితులను ఆసుపత్రిలోకి, పీహెచ్‌సీలోకి రానివ్వకుండా అడ్డుకోవడం నేరం. నలుగురిలో కులం పేరుతో తిట్టడమూ నేరమే. కేసు కట్టకుండా కావాలని నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. ముందు బిడ్డ ప్రాణం, తర్వాత ఫిర్యాదు. ఓపీ చీటీ దాచుకోండి. వెళ్లిన సమయం, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి. అత్యాచారాలపై జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఈ సహాయం అందాలి.

వాడగా ముందే చేసుకోగలిగింది కూడా ఉంది. రాత్రిపూట ఆటో తీసేవాళ్ల నంబర్లు, ఆశా నంబరు ప్రతి ఇంట్లో గోడ మీద రాసుకోవాలి. పొదుపు సంఘంలో అత్యవసరానికని కొంత పక్కన పెట్టుకోవాలి. అంబులెన్స్ వాడ లోపలి దాకా రాలేకపోతోందంటే, ఆ రోడ్డు గురించి గ్రామసభలో అర్జీ ఇవ్వాలి. ఆ రాత్రి తల్లి ఒంటరిగా పరుగెత్తకూడదు.