నీళ్ళ బండికి పండ్లు పట్టి చూడడం

మా ప్రాంతంలో ఎద్దును కొనేవాడు మొట్టమొదట పండ్లు పట్టి చూస్తాడు. తర్వాత నాలుగడుగులు నడిపిస్తాడు. సుడులు చూస్తాడు, మెడమీద కాడి కాయ తడిమి చూస్తాడు. ఆ తర్వాతే దస్తీ కింద వేళ్ళు పట్టుకుని బేరం. ఇంత శాస్త్రం తెలిసిన మనిషే ఒక యంత్రం దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి రూపాయలు లెక్కపెడతాడు. ఇదేం చిత్రమో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఈ ప్రస్తావన నా మేనల్లుడి మూలంగా వచ్చింది. మా అక్క వాళ్ళది బోధన్ పక్క పల్లె. ఒకప్పుడు బావ పొలమంతా చెరకే. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఆ పొలంలోకి వరి వచ్చింది. కొడుకు దుబాయి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు అక్కడి సముద్రతీరంలో, షికారుకు వచ్చినవాళ్ళకు నీటిమీది మోటారు బళ్ళు అద్దెకిచ్చే చోట పనిచేసి, కొంత డబ్బు వెనకేసుకుని తిరిగి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, “మామా, మనకు మాత్రం నీళ్ళు తక్కువా? మంజీరమీద నిజాంసాగర్ ఉన్నది, గోదారిమీద పోచంపాడు ఉన్నది, పట్నం పక్కనే అలీసాగర్ ఉన్నది. ఒక్క బండి తెస్త, ఎట్ల నడుస్తదో చూస్త” అన్నాడు.

జలాశయంలో అద్దె బండి తిప్పడానికి ముందు ప్రభుత్వం అనుమతి కావాలి గదా అన్నాను. దరఖాస్తు పెట్టానన్నాడు. కొత్త బండి ధర వింటే గుండె ఆగుతుంది కనుక, హైదరాబాదు శివార్లలో ఎవరో పాతవి రెండు అమ్ముతున్నారని వాకబు చేశాడు. కాగితాలు చదవడానికి చదువుకున్నవాడు వెంట ఉండాలని బావ పట్టుబట్టాడు. ఆ విధంగా, క్లాసులో ప్రబంధాలు చెప్పుకునే నేను ఈ వ్యవహారంలో భాగస్వామినయ్యాను.

ఈ బండిని అందరూ జెట్‌స్కీ అంటారు. నిజానికి అది కవాసాకి కంపెనీవారు తమ సరుకుకు పెట్టుకున్న పేరు. డాల్డా మాదిరిగా జాతికంతటికీ అంటుకుంది. అంతకు ముందే, 1968లో, కెనడాకు చెందిన బొంబార్డియర్ కంపెనీ ‘సీడూ’ అనే బండిని విడుదల చేసింది. దాన్ని రూపొందించినవాడు క్లేటన్ జాకబ్‌సన్ అనే అమెరికావాడు. ఆయనకు మోటారుసైకిలు పందేల పిచ్చి. అందుకే కాబోలు, చూసేవాడికి ఇది నీళ్ళమీది మోటారుసైకిలులాగే కనిపిస్తుంది. కొనేవాడు దెబ్బతినేది కూడా అక్కడే.

ఆ సంగతి నాకు చెప్పినవాడు బోధన్ రోడ్డులో మోటార్లు, పంపుసెట్లు బాగుచేసే ఉస్తాద్. నలభై ఏళ్ళ అనుభవం. మేనల్లుడు ఫోనులో చూపిన బొమ్మలను అటూ ఇటూ తిప్పి, “ఇది బండి గాదు సార్, పడవ గాదు. పంపుసెట్టు. మీదికెళ్ళి సీటేసిన్రు, గంతే” అన్నాడు.

అక్షరాలా నిజం. ఈ బండికి బయట చక్రమూ లేదు, తిరిగే రెక్కా లేదు. అడుగున జల్లెడలాంటి కటకటాలున్న కంత ఉంటుంది. ఇంజను తిప్పే ఇంపెల్లరు ఆ కంతగుండా నీళ్ళు పీల్చి, వెనక మూతిగుండా బలంగా చిమ్ముతుంది. ఆ తోపుడుకే బండి ముందుకు దూకుతుంది. ఈ పద్ధతిని పడవలకు పట్టుబడేలా చేసినవాడు కూడా ఒక రైతే. న్యూజిలాండులో గొర్రెల మందలు మేపుకునే విలియం హామిల్టన్, తమ ప్రాంతపు లోతులేని నదుల్లో మామూలు పడవల రెక్కలు రాళ్ళకు తగిలి విరుగుతుంటే, 1950లలో ఈ జెట్ పడవను నిలబెట్టాడు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగరం నుంచి గంగకు ఎదురెక్కి హిమాలయాల దాకా పోయినవి హామిల్టన్ పడవలే. చివరికి నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డొచ్చి ఆగిపోయాయి.

సరే, హైదరాబాదు వెళ్ళాము. రేకుల షెడ్డులో రెండు బళ్ళు. తెల్లది పెళ్ళికూతురిలా మెరిసిపోతున్నది. ఎర్రది వెలిసిపోయి, సీటు చిరిగి ఉంది. ఉస్తాద్ రెండింటినీ పైనుంచి చూడనే లేదు. టార్చిలైటు పట్టుకుని వెనకభాగం దగ్గర చతికిలబడ్డాడు.

ఇంపెల్లరు అంచులకూ, దాని చుట్టూ ఉన్న రింగుకూ మధ్య సందు వెంట్రుకవాసిగా ఉండాలట. ఇసుకా రాళ్ళూ పీల్చిన బండిలో అంచులు నొక్కుకుపోతాయి, రింగు గీరుకుపోతుంది, సందు పెరుగుతుంది. అప్పుడు ఇంజను ఎంత గోలపెట్టినా బండి సాగదు. “మన బాయికాడ మోటరు తిరుగుతది గని నీళ్ళు రావు చూడున్రి, గట్లనే” అన్నాడు. తెల్లబండిలో వేలిగోరు దూరేంత సందు ఉంది.

తర్వాత ఇంజను మూత తీశారు. తెల్లబండి బోల్టుల మొదళ్ళలో తెల్లని పొడి, తీగలు కలిసేచోట పచ్చని చిలుము. సముద్రంలో తిరిగిన బండిని ప్రతిరోజూ మంచినీళ్ళతో లోపలికంటా కడగాలి. కడగకపోతే ఉప్పు తినేస్తుంది. కడగడానికీ ఒక పద్ధతుంది. చాలా బళ్ళలో ముందు ఇంజను వేసి, ఆ తర్వాత పైపు నీళ్ళు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, ఆపైన ఇంజను ఆపాలి. తిరగబడితే నీళ్ళు ఇంజనులోకి పోతాయి. అమ్మేవాణ్ణి మేనల్లుడు ఊరికే అడిగినట్టు అడిగాడు. ఆయన వరస తిరగేసి చెప్పాడు.

ఇంజను ఆయిలు కడ్డీకి పాలు కలిపిన టీలా అంటితే లోపల నీళ్ళు చేరినట్టే. స్పార్కు ప్లగ్గులు విప్పి, గేజి పెట్టి ఒక్కో సిలిండరు ఒత్తిడి చూడాలి. ఒకదానికీ మరొకదానికీ తేడా పదోవంతు మించరాదు. తెల్లబండిలో ఒక సిలిండరు ఎప్పుడో నీరసించింది. దాంతో దాని కథ ముగిసింది. ఎర్రబండి మాత్రం మూడు సిలిండర్లూ సమానంగా చూపింది. గంటల మీటరు కూడా పనిచేస్తున్నది. ఎద్దు పండ్లు చెప్పే సంగతే ఈ మీటరు చెబుతుంది. అద్దెకు తిప్పినదా, యజమాని ఆదివారం షికారుకు వాడినదా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

“నీళ్ళల్ల దించున్రి” అన్నాడు ఉస్తాద్. అమ్మేవాడు నసిగాడు. నడిపించకుండా ఎద్దును కొంటామా? చివరకు ఆయనకు తెలిసిన తోటలోని చెరువుకు తీసుకుపోయారు. మేనల్లుడు రక్షణ కోటు తొడుక్కుని, బండికి కట్టిన తాడును మణికట్టుకు తగిలించుకున్నాడు. మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజను ఆగాలి. రెండుసార్లు లాగి చూశాడు; టక్కున ఆగింది. అరగంట తిప్పి గట్టుకు లాగాక వెనక బిరడాలు విప్పితే గ్లాసెడు నీళ్ళు కారాయి. అంతవరకు ఫరవాలేదన్నారు ఇద్దరూ.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఈ బండిలో వేగం ఇచ్చే మీట వదిలేస్తే వెనకనుంచి నీళ్ళు చిమ్మడం ఆగిపోతుంది. దాంతో హ్యాండిలు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడి మీట వదిలి, ఎదుటి పడవకు గుద్దుకునేది ఇందుకే. కొన్ని కొత్త రకాల్లో దీనికి విరుగుడు ఉంది. పాత వాటిలో లేదు. వేలాడే చున్నీలూ, విరబోసుకున్న జుట్టూ ఆ అడుగు కంత దగ్గరికి పోరాదు. మూడడుగుల లోతైనా లేనిచోట నడపవద్దని తయారీదారులే చెబుతారు. వేసవిలో మన జలాశయాల్లో నీరు తగ్గి, బురదా మొద్దులూ పైకి తేలే రోజులను తలుచుకోండి. శ్రీరాంసాగర్ అడుగున మునిగిన ఊళ్ళే ఉన్నాయి.

ఇక నా వంతు వచ్చింది. ఇవి విదేశాల్లో తయారైన బళ్ళు కనుక, దిగుమతి చేసినప్పుడు కస్టమ్సు సుంకం కట్టిన కాగితం ఉండాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన లోతట్టు జలయానాల చట్టం ప్రకారం, నదుల్లో జలాశయాల్లో తిరిగే ఇంజను పడవలకు రిజిస్ట్రేషను కావాలి. బండి వెనక చెక్కిన నంబరూ కాగితంలోని నంబరూ ఒకటిగా ఉండాలి. విద్యార్థుల వ్యాసాలు, పత్రికల ప్రూఫులు దిద్ది దిద్ది నాకు అక్షరాన్ని అక్షరంగా చూసే అలవాటు పట్టుకుంది. మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో అంకె పైకి చదివాను. మేనల్లుడు కాగితంలో చూశాడు. తొమ్మిదోది కలవలేదు. పదకొండోది కూడా కలవలేదు.

“టైపు పొరపాటు సార్” అన్నాడు అమ్మేవాడు. ఒక పొరపాటైతే టైపుదనుకోవచ్చు. నాలుగు లక్షల డెబ్బై వేలు చెప్పిన ధర ఆ నిమిషంలోనే మూడున్నరకు దిగింది. మేనల్లుడి ముఖం చూశాను. బండి మంచిది, వాడికి తెలుసు. ఎనిమిదేళ్ళ ఎండ వాడి జేబులో ఉంది. ఉస్తాద్ కూడా మాట్లాడలేదు.

“కాగితాలు సరిచేసి పిలువున్రి, డెబ్బై వేలు గూడ తగ్గియ్యకున్రి, మొత్తం ఇస్త” అన్నాడు వాడు.

మూడు నెలలైంది, పిలుపు రాలేదు. డబ్బు బ్యాంకులోనే ఉంది. బావ రాత్రి నిద్రపోతున్నాడని అక్క చెప్పింది. మొన్న మేనల్లుడు విశాఖపట్నం నుంచి వచ్చిన మరో బండి ఫోటోలు నాకు పంపాడు. మొదటి నాలుగూ అడుగుభాగానివే. ఉప్పు సంగతి అడిగి చూశావా అని జవాబు రాశాను.