నాగ్ క్షిపణి: 42 ఏళ్ల కొనుగోలు

సైన్యానికి ఆయుధం కొనడం ప్రభుత్వం చేసే మిగతా కొనుగోళ్లలాంటిది కాదు. గోలేటి ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనులకు డంపర్లు కావాలంటే సింగరేణి టెండరు పిలుస్తుంది. ఎన్ని టన్నులు మోయాలో ముందే చెబుతుంది. అర్హత తేలిన కంపెనీల్లో తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు వెళ్తుంది. డంపరు అప్పటికే మార్కెట్లో ఉంటుంది, దాన్ని కొనే గనులు దేశమంతటా ఉంటాయి. క్షిపణి విషయంలో ఈ వెసులుబాటు ఉండదు. చాలాసార్లు ఆ వస్తువు ఇంకా తయారే కాలేదు. దేశంలో దాన్ని కొనేది ఒక్క రక్షణ శాఖే. ఆర్డరు రాకపోతే ఫ్యాక్టరీకి మరో గిరాకీ లేదు, ఫ్యాక్టరీ ఆలస్యం చేస్తే సరిహద్దులోని జవానుకు పాత ఆయుధమే గతి.

భారీ ఆయుధాల కొనుగోలుకు ఒక వరుస ఉంది. ఎంత దూరం కొట్టాలి, ఎంత బరువుండాలి, ఎంత వేడిలో పనిచేయాలి అన్నది ముందుగా సైన్యం రాసిస్తుంది. ఆ అవసరం నిజమైనదేనని రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ ఆమోదించాలి. తర్వాత కంపెనీల నుంచి ప్రతిపాదనలు తీసుకుంటారు, కాగితం మీద సరిచూస్తారు, ఎడారిలోనూ మంచుకొండల్లోనూ పరీక్షిస్తారు. నెగ్గినవాటి ధరల కవర్లు మాత్రమే తెరిచి, అందరికంటే తక్కువ చెప్పిన ‘ఎల్1’ కంపెనీతో బేరమాడతారు. మొత్తం పెద్దదైతే ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ కూడా ఒప్పుకోవాలి. వీటన్నిటిలో బరువైన మెట్టు మొదటిదే. అక్కడ సాధ్యం కానిది రాస్తే కొనడానికి ఏదీ దొరకదు. రాసినదాన్ని మధ్యలో మారిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన నాగ్ క్షిపణి చరిత్రలో ఇదంతా కనిపిస్తుంది. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వాన మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్‌లతో పాటు నాగ్ కూడా ఉంది. దాని పని శత్రు ట్యాంకును పేల్చడం. అప్పటికి సైన్యం వాడుతున్నవి తీగతో నడిచే క్షిపణులు. వదిలిన జవాను అది తగిలేదాకా కదలకుండా గురి పట్టి ఉండాలి, ఆ కాసేపట్లోనే శత్రువు తూటాకు దొరికిపోవచ్చు. నాగ్‌కు ట్యాంకు వేడిని పసిగట్టే సెన్సరు ముందు భాగంలోనే ఉంటుంది. వదిలాక దాదాపు 4 కిలోమీటర్ల దూరం దాకా తనంతట తానే లక్ష్యాన్ని వెంటాడుతుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 కవచ వాహనాన్ని మార్చి, దాని మీది నుంచి నాగ్‌ను ప్రయోగించే ‘నామికా’ను సిద్ధం చేశారు.

చిక్కంతా రాజస్థాన్ ఎండలో వచ్చింది. మే నెల మధ్యాహ్నం ఇసుకా ట్యాంకూ ఇంచుమించు ఒకే వేడికి చేరతాయి. అప్పుడు సెన్సరు ఏది ట్యాంకో తేల్చుకోలేకపోయింది. మెరుగైన సెన్సరు తయారుచేసుకోవడానికి ఏళ్లు పట్టాయి. ఈలోగా నామికాలోనూ మార్పులు కావాలని సైన్యం కోరింది. కోరడంలో తప్పు లేదు, ప్రాణం పణంగా పెట్టేది జవానే. కానీ ఒక్కో మార్పుకూ మళ్లీ డిజైను, మళ్లీ వేసవి కోసం ఎదురుచూపు, మళ్లీ పరీక్ష. కొనుగోలుకు కౌన్సిల్ ఆమోదం 2018లో వచ్చింది. 2020 అక్టోబరులో పోఖ్రాన్‌లో తుది పరీక్ష ముగిసింది. సుమారు 1,801 కోట్ల రూపాయల ఒప్పందం మీద సంతకాలు 2025 మార్చిలో పడ్డాయి.

అన్నేళ్లూ సైన్యం ఖాళీ చేతులతో కూర్చోలేదు. 1970లో హైదరాబాద్‌లో పెట్టిన భారత్ డైనమిక్స్ మొదట్లో ఫ్రెంచి లైసెన్సుతో ఎస్ఎస్-11బీ1 క్షిపణులను, తర్వాత మిలన్, కొంకూర్స్‌లను తయారుచేసి ఇచ్చింది. 2014లో ప్రభుత్వం అమెరికా జావెలిన్‌ను కాదని ఇజ్రాయెల్ స్పైక్‌ను ఎంచుకుంది. 2017లో దాని తయారీకి హైదరాబాద్‌లో కల్యాణి-రఫేల్ ఫ్యాక్టరీ కూడా తెరుచుకుంది. అంతలోనే, స్వదేశీ క్షిపణికే మొగ్గు చూపి, ఆ పెద్ద కొనుగోలును రద్దుచేశారు. 2019లో బాలాకోట్ ఉద్రిక్తతల తర్వాత అత్యవసర అధికారాలతో మళ్లీ స్పైక్‌లనే కొద్ది సంఖ్యలో కొన్నారు. స్వదేశీ కావాలన్న కోరికా, ఇప్పుడే కావాలన్న అవసరమూ రెండూ న్యాయమైనవే. ముందుచూపు కొరవడినప్పుడు రెండూ ఒకదాన్నొకటి దెబ్బతీశాయి.

ఇలాంటి ఆలస్యాలకు మరో కారణం, సంతకం పెట్టే అధికారి జంకు. 1986లో స్వీడన్ బోఫోర్స్‌తో ఫిరంగుల ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది లంచాల ఆరోపణలు బయటపడ్డాయి. ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు సైన్యానికి కొత్త 155 ఎంఎం ఫిరంగి కొనుగోలు జరగలేదు. 2016 నవంబరులో అమెరికాతో ఎం-777 ఫిరంగుల ఒప్పందంతో ఆ విరామం తీరింది. అవినీతిని అరికట్టాల్సిందే. అయితే నిర్ణయమే తీసుకోకపోవడం వల్ల జరిగే నష్టానికి మాత్రం ఏ ఫైలులోనూ లెక్క ఉండదు.

1999 కార్గిల్ యుద్ధం ఈ లోపాలను ఎత్తి చూపింది. మంత్రుల బృందం సిఫార్సులతో 2001లో అక్విజిషన్ కౌన్సిల్ ఏర్పడింది, 2002లో మొదటి కొనుగోలు విధానం రాతపూర్వకంగా వచ్చింది. 2005లో ఆఫ్‌సెట్ నిబంధన చేరింది. భారీ ఆర్డరు పొందిన విదేశీ కంపెనీ కొంత విలువను మన పరిశ్రమలోనే ఖర్చుపెట్టాలన్నది దాని సారం. 2016లో మన దగ్గరే డిజైన్ చేసి మన దగ్గరే తయారుచేసిన వస్తువుకు మొదటి ప్రాధాన్యం ఇచ్చారు. అడిగినదానికంటే మెరుగైన పనితనం చూపిన ఆయుధానికి ధర పోలికలో 10 శాతం దాకా వెసులుబాటు ఇచ్చి, ఎల్1 పట్టును కొంత సడలించారు. ఇది తక్కువ మెచ్చుకున్న మంచి మార్పు. 2020 అక్టోబరు విధానం స్వదేశీ భాగాల వాటాను 50 శాతానికి పెంచింది. అదే ఏడాది ఆగస్టులో 101 వస్తువుల దిగుమతిపై దశలవారీ నిషేధ జాబితా వెలువడింది.

అమ్మేవైపు సంస్కరణ ఎక్కువ నొప్పి కలిగించింది. ఎద్దుమైలారంతో సహా దేశంలోని 41 ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు 1న 7 ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. ఎద్దుమైలారం ఆవడిలోని ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లింది. కార్మిక సంఘాలు గట్టిగా ఎదిరించాయి. సమ్మెను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వం అదే ఏడాది చట్టంతో తెచ్చుకుంది. అంతకుముందు శాఖ ఇండెంటు పెడితే ఫ్యాక్టరీకి పని వచ్చేది. ఇప్పుడు కంపెనీ ఒప్పందం సంపాదించాలి, గడువు తప్పితే జరిమానా కట్టాలి. నాగ్ ఒప్పందం కుదిరింది ఈ నిగమ్‌తోనే.

ఇదంతా భారీ ఆయుధాల సంగతి. మందుగుండు, విడిభాగాలు, దుస్తుల వంటి రోజువారీ కొనుగోళ్లకు వేరే మాన్యువల్ ఉంది. 2009 నాటి ఆ పుస్తకం స్థానంలో కొత్తది 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.