ఇంటి కంప్యూటరులో వెబ్ సర్వరు: తప్పులు చేసి నేర్చుకునే చోటు

విద్యుత్ కేంద్రంలో కొత్తగా చేరిన ఆపరేటరును మొదటి రోజే కంట్రోల్ రూములో కూర్చోబెట్టి టర్బైను నడపమని ఎవరూ అనరు. ముందుగా సిమ్యులేటరు మీద శిక్షణ ఇస్తారు. అక్కడ తప్పు మీట నొక్కినా ఊళ్ళో దీపాలు ఆరిపోవు. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం తెలిసివస్తుంది. కర్మాగారంలో ఇంత జాగ్రత్త పాటించే మనమే, వెబ్ పేజీల విషయానికి వచ్చేసరికి ఆ పద్ధతిని మరచిపోతుంటాము.

ఇందుకు ఈ వ్యాసకర్త అనుభవమే నిదర్శనం. మా కాలనీ సంక్షేమ సంఘం వెబ్‌సైటులో రక్తదాతల వివరాల పేజీ ఒకటి ఉండేది. ఒకనాటి సాయంత్రం అందులో చిన్న మార్పు చేయదలచి, నేరుగా సర్వరులో ఉన్న ఫైలునే తెరిచి రెండు పంక్తులు దిద్దాను. ఒక పంక్తి చివర సెమీకోలన్ పెట్టడం మరచిపోయాను. సరిచూసుకోకుండానే కంప్యూటరు కట్టేసి నిద్రపోయాను. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉన్న ఒక సహోద్యోగి కుటుంబం వారు రక్తం కోసం ఆ పేజీ తెరిస్తే వారికి కనిపించింది తెల్లని తెర మాత్రమే. తెలిసిన వారందరికీ ఫోన్లు చేసి చివరకు దాతను సంపాదించుకున్నారు కనుక ఆపద తప్పింది. మరునాడు ఆ సంగతి విన్నప్పుడు కలిగిన సిగ్గే నా చేత ఇంట్లో సర్వరు పెట్టించింది.

సర్వరు అంటే ఏమిటి?

సర్వరు అనగానే చల్లని గదిలో వరుసగా నిలబెట్టిన పెద్ద యంత్రాలు మనసులో మెదులుతాయి. నిజానికి సర్వరు ఒక ప్రోగ్రాము. బ్రౌజరు అడిగిన పేజీని వెదికి అందించడమే దాని పని. 1990 చివరలో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్‌-లీ నడిపిన ప్రపంచపు మొదటి వెబ్ సర్వరు ఆయన బల్ల మీది నెక్స్ట్ కంప్యూటరులోనే ఉండేది. అది సర్వరు కనుక దానిని ఆపివేయవద్దని ఎర్ర సిరాతో రాసిన చీటీ ఒకటి ఆ కంప్యూటరుకు అతికించి ఉండేది.

1995 సంవత్సరంలో అపాచీ అనే సర్వరు ప్రోగ్రాము ఉచితంగా వెలువడింది. మన దేశంలో సామాన్య ప్రజలకు విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15వ తేదీననే. పెద్ద సంస్థలు వాడే ఆ అపాచీనే మన ఇంటి కంప్యూటరులోనూ పైసా ఖర్చు లేకుండా నడుపుకోవచ్చు.

గడప దాటని చిరునామా

ప్రతి కంప్యూటరుకు తనను తాను పిలుచుకునేందుకు 127.0.0.1 అనే చిరునామా ఉంటుంది. దీనికే లోకల్‌హోస్ట్ అని పేరు. ఈ చిరునామాకు పంపిన ఉత్తరం గడప దాటదు; మన బ్రౌజరు అడుగుతుంది, మన కంప్యూటరులోని సర్వరే జవాబిస్తుంది. ఇంటర్నెట్ కనెక్షను లేకపోయినా ఈ పని సాగుతుంది.

పీహెచ్‌పీ భాషలో రాసిన ఫైలును మామూలుగా మౌసుతో నొక్కి తెరిస్తే పేజీ కనిపించదు. రాసిన ప్రోగ్రామే అక్షరాలుగా కనిపిస్తుంది. దానిని చదివి, అమలు జరిపి, ఫలితాన్ని బ్రౌజరుకు అందించే సర్వరు మధ్యలో ఉండవలసిందే.

అమర్చుకునే విధానం

విండోస్ వాడేవారికి 2002లో మొదలైన జాంప్ అనే ప్యాకేజీ సులభమైనది. అపాచీ సర్వరు, మరియాడీబీ డేటాబేసు, పీహెచ్‌పీ, పెర్ల్ భాషలు ఇందులో కలిసే వస్తాయి. దీనిని తయారీదారుల సొంత వెబ్‌సైటు నుండే తెచ్చుకోవాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో కాక, సీ డ్రైవులో నేరుగా స్థాపించుకుంటే అనుమతుల చిక్కులు ఉండవు.

తరువాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి అపాచీకి ఎదురుగా ఉన్న స్టార్ట్ బటను నొక్కాలి. పేరు వెనుక ఆకుపచ్చ రంగు వస్తే సర్వరు నడుస్తున్నట్లే. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తే స్వాగత పేజీ కనిపిస్తుంది. మనం రాసే ఫైళ్ళను జాంప్ ఫోల్డరులోని హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డరులో ఉంచుకోవాలి.

అపాచీ మొదలు కాకుండా ఆగిపోతే కంగారు పడనవసరం లేదు. సాధారణంగా సర్వరు 80వ నంబరు పోర్టు వద్ద కూర్చుని పిలుపు కోసం వేచి ఉంటుంది. ఆ చోటును అప్పటికే మరొక ప్రోగ్రాము ఆక్రమించి ఉంటే అపాచీకి చోటు దొరకదు. అప్పుడు అపాచీ సెట్టింగుల ఫైలులో లిజన్ అనే మాట పక్కన ఉన్న 80 అంకెను 8080గా మార్చి, సర్వరును తిరిగి ప్రారంభించాలి. ఇకపై చిరునామాలో లోకల్‌హోస్ట్ తరువాత కోలన్ పెట్టి 8080 అని చేర్చాలి.

తప్పు చెప్పే గురువు

నా సెమీకోలన్ తప్పునే ఇంటి సర్వరులో మళ్ళీ చేసి చూశాను. ఈసారి తెల్లని తెర రాలేదు. ఏ ఫైలులో, ఎన్నో పంక్తిలో పొరపాటు ఉన్నదో తెర మీద కనిపించింది. ప్రజలు చూసే సర్వర్లలో భద్రత కోసం ఈ సమాచారాన్ని దాచి ఉంచుతారు. జాంప్‌లో నేర్చుకునేవారి కోసం చూపిస్తారు. ఒక్క మెలకువ గుర్తుంచుకోవాలి: సెమీకోలన్ మరచినప్పుడు సర్వరు తరచు ఆ తరువాతి పంక్తి నంబరును చెబుతుంది. కనుక పై పంక్తిని కూడా చూడాలి.

తెలుగులో పేజీలు రాసేవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. డేటాబేసు పట్టిక పాత లాటిన్ పద్ధతిలో ఉంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. పట్టికను యూటీఎఫ్‌8ఎంబీ4 పద్ధతిలో తయారుచేసుకోవాలి. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. మన కంటికి ఒకే అక్షరంగా కనిపించే 'శ్రీ'లో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అనే 4 సంకేతాలు ఉన్నాయి; అంటే 12 బైట్లు. పేరును పది బైట్ల దగ్గర కత్తిరించే ప్రోగ్రాము 'శ్రీ'నే విరగ్గొడుతుంది. ఇటువంటివి ఇంట్లోనే బయటపడటం మేలు.

ఇంకొక సంగతి. విండోస్‌లో ఫైలు పేరు పెద్ద అక్షరాలతో రాసినా, చిన్న అక్షరాలతో రాసినా ఒక్కటే. బయటి సర్వర్లలో ఎక్కువగా వాడే లినక్స్‌లో అవి వేరువేరు పేర్లు. ఇంట్లో చక్కగా కనిపించిన ఫోటో అక్కడ మాయం కావడానికి తరచు ఇదే కారణం. పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

కొన్ని హద్దులు

జాంప్ అభ్యాసానికి ఉద్దేశించినదే కాని ప్రజలకు సేవలందించేందుకు కాదు. అందులోని డేటాబేసుకు మొదట పాస్‌వర్డు కూడా ఉండదు. కనుక మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగినప్పుడు నిరాకరించవచ్చు. మన కంప్యూటరులో మన పనికి దానివల్ల ఆటంకం కలగదు. ఆఫీసు కంప్యూటరులో అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగాలు చేయరాదు. సంస్థ సమాచారాన్ని ఇంటికి తెచ్చుకోనే రాదు. దాతల పేజీ సాధన చేసేటప్పుడు నేను కల్పించిన పేర్లు, కల్పించిన నంబర్లే వాడతాను. నిజమైన వారి వివరాలు సాధన సామగ్రి కాకూడదు.

ఇప్పుడు ఆ పేజీలో ఒక్క కామా మార్చవలసి వచ్చినా ముందు ఇంట్లో మార్చి, తెరిచి చూసి, పాత ఫైలుకు ఒక నకలు దాచి, ఆ తరువాతనే పైకి పంపుతున్నాను. పంపిన తరువాత మరొకసారి తెరిచి చూస్తున్నాను. ఇందుకు పట్టేది పది నిమిషాలు. సెలవు రోజున మీ ఇంట్లోని పిల్లలతో కలిసి ఈ సర్వరును అమర్చి చూడండి. మొదటి పేజీలో వారి పేరు తెలుగులో రాయించండి. ఆపైన ఒక సెమీకోలన్ తీసివేసి, సర్వరు ఏమంటుందో వారినే చదవమనండి.