గొలుసులకు వేలాడే వంతెన

హంగరీ రాజధానిలో డాన్యూబ్ నదికి అటు బుడా, ఇటు పెస్ట్. ఒకప్పుడివి వేర్వేరు ఊళ్లు. పడవలను వరసగా కట్టి వంతెన చేసేవారు. చలికాలంలో మంచుగడ్డలు కొట్టుకొస్తాయని విప్పేసేవారు. 1820లో తండ్రి చనిపోయినప్పుడు సెచెనీ ఇష్త్వాన్ అనే ప్రభువు నది దాటలేక వారం రోజులు ఒడ్డునే ఆగిపోయాడు. ఆ తర్వాత శాశ్వత వంతెన కోసం పట్టుబట్టాడు. ఇంగ్లండ్ ఇంజినీరు విలియం టియర్నీ క్లార్క్ నమూనా గీస్తే, స్కాట్లండ్‌కు చెందిన ఆడమ్ క్లార్క్ దగ్గరుండి కట్టించాడు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు! 1849లో తెరిచారు.

మరి ఎలా నిలుస్తుంది? నదిలో రెండు రాతి బురుజులు. వాటి మీదుగా ఇనుప గొలుసులు వేసి, కొసలను ఒడ్డున నేలలో గట్టిగా బిగించారు. దండేనికి బట్టల్లా దారంతా వాటికే వేలాడుతుంది.

1945లో జర్మన్ సేనలు పేల్చేస్తే, 1949లో, మొదట తెరిచిన సరిగ్గా నూరేళ్లకు, మళ్లీ తెరిచారు. అన్నట్టు, వంతెనకు కాపలా ఉన్న రాతి సింహాలకు నాలుకలు లేవంటారు. ఉన్నాయి, కింది నుంచి కనపడవంతే.