ఆరిపోనని మొరాయించే కంప్యూటర్

మా ఎదురింట ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. వీధివారందరికీ ఆయన మేష్టారే. తాతగారు స్వహస్తంతో వ్రాసి ఉంచిన కుటుంబ చరిత్ర కాగితాలు పెళుసెక్కి విరిగిపోతూండటం చూసి, అవి పూర్తిగా శిథిలం కాకముందే అందులోని విషయమంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పూనుకున్నారు. రోజూ రెండు మూడు పేజీలు టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో దాచేవారు.

ఒకనాటి రాత్రి పని ముగించి షట్‌డౌన్ ఆదేశం ఇచ్చారు. తెరమీద చుక్కల వలయం తిరగడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. వలయం ఆగలేదు. ఆయన విసిగిపోయి గోడమీది స్విచ్చి కట్టేశారు. మర్నాడు ఉదయం చూస్తే, నెల రోజుల శ్రమ ఇమిడి ఉన్న ఫైలు తెరుచుకోలేదు.

"ఎందరో అల్లరి పిల్లల్ని దారికి తెచ్చాను కాని, ఇంత మొండిఘటాన్ని ఎన్నడూ చూడలేదు నాయనా!" అన్నారు నాతో.

ఆయన బాధ సహజమే. కాని ఆ రాత్రి కంప్యూటర్ నిజంగా మొండికెత్తిందా?

బడి విడిచే వేళ

దీపం, పంకా ఆరిపోవడమంటే విద్యుత్తు ఆగిపోవడమే. కంప్యూటర్ సంగతి అలా కాదు. అది ఆగడం సాయంత్రం బడి విడవడం వంటిది. గంట మోగుతుంది, పిల్లలు పుస్తకాలు సర్దుకుంటారు, హాజరు పట్టీలు ఆఫీసుకు చేరతాయి, గదులన్నీ ఖాళీ అయిన తరువాతనే బంట్రోతు గేటుకు తాళం వేస్తాడు. ఒక్క తరగతి లోపల ఉండిపోయినా అతడు వేచి ఉండవలసిందే.

కంప్యూటర్‌లో ఆ గంట కొట్టేది విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్. పని ముగించవలసిందిగా అది ప్రతి ప్రోగ్రామ్‌కూ కబురు పంపుతుంది. మనం టైపు చేసిన అక్షరాలు వెంటనే డిస్కులో స్థిరపడతాయని అనుకోరాదు. వేగం కోసం అవి కొంతసేపు మెమొరీలో నిలిచి ఉంటాయి. విద్యుత్తు పోతే మెమొరీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కనుక మిగిలినదంతా డిస్కుకు చేర్చిన పిమ్మటనే యంత్రం కన్ను మూస్తుంది.

పూర్వం ఈ ఆఖరి తాళం మనిషే వేసేవాడు. 1995లో వెలువడిన విండోస్ 95 తన పని ముగించుకొని, ఇక స్విచ్చి కట్టవచ్చునని చాలా కంప్యూటర్ల తెరమీద చెప్పి ఊరుకునేది. 1996 చివర ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏ.సి.పి.ఐ. అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని మూలంగా విద్యుత్తును ఆపే అధికారం కూడా ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. సౌకర్యంతోపాటు చిక్కూ వచ్చింది. 1999 నాటి విండోస్ 98 రెండవ కూర్పులో షట్‌డౌన్ ఇబ్బందులను సరిచేయడానికి తయారీదారులే ఒక ప్రత్యేక సవరణను విడుదల చేయవలసి వచ్చింది.

వరుసగా వెదకండి

చికిత్సకు మొదటి సూత్రం ఓర్పు. డిస్కు దీపం మినుకుమినుకుమంటున్నంత సేపూ లోపల పని సాగుతున్నట్లే. తెరమీద 'అప్‌డేట్' అన్న మాట కనిపిస్తే చాలాసేపు పట్టవచ్చు. ఆ సమయంలో విద్యుత్తు తీసివేయడం ప్రమాదం.

రోజూ ఇదే తంతు అయితే కారణం వెదకాలి. ఒక్కొక్క మార్పే చేసి ఫలితం చూడాలి. నాలుగు మార్పులు ఒక్కసారి చేస్తే దోషి ఎవరో తేలదు.

ముందుగా ప్రోగ్రామ్‌లన్నిటినీ మీరే మూసి, ఆ తరువాత షట్‌డౌన్ చేయండి. సక్రమంగా ఆగిపోతే దోషి వాటిలోనే ఉన్నదన్నమాట.

అప్పటికీ ఆగకపోతే, మరుసటిసారి ప్రింటర్, స్కానర్, పెన్‌డ్రైవ్ వంటి బయటి పరికరాలన్నీ విడదీసి చూడండి. ఫలితం కనిపిస్తే ఒక్కొక్కటే తిరిగి తగిలించండి.

2012లో విండోస్ 8తో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు వచ్చింది. దీనివల్ల కంప్యూటర్ పూర్తిగా ఆగదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగాన్ని డిస్కులో భద్రపరచి, మర్నాడు అక్కడినుంచే మేలుకుంటుంది. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి షట్‌డౌన్ ఎంచుకుంటే పూర్తిగా ఆగుతుంది. అలా చేసినప్పుడు ఇబ్బంది తొలగితే, కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఆ ఏర్పాటును తీసివేయవచ్చు.

ఇవేవీ ఫలించకపోతే సేఫ్ మోడ్‌లో ప్రారంభించండి. అందులో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే పనిచేస్తాయి. అక్కడ చక్కగా ఆగితే, ఇటీవల చేర్చిన డ్రైవర్‌నో, కంప్యూటర్‌తోపాటే మొదలయ్యే ప్రోగ్రామ్‌నో అనుమానించాలి. ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య పుస్తకం కూడా సాక్ష్యమిస్తుంది. అందులో 41, 6008 అనే సంఖ్యలు కనిపిస్తే కంప్యూటర్ సక్రమంగా ఆగలేదని అర్థం. అంతకు కొద్దిముందు నమోదైన దోషాలను పరిశీలించండి.

ఏ ఉపాయమూ పారనప్పుడు పవర్ బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టడమే గతి. అయితే అది పిల్లలు లోపల ఉండగా గేటు మూసినట్లే. నేటి డిస్కు వ్యవస్థల్లో అనేకం తమ అమరికను తామే సరిచేసుకోగలవు గాని, సగం వ్రాసిన ఫైలును పూర్తి చేయలేవు.

దోషి దొరికింది

మేష్టారి యింట ఈ వరుసనే అనుసరించాం. పెన్‌డ్రైవ్ తీసివేయగానే కంప్యూటర్ అర నిమిషంలో ఆగిపోయింది. తగిలిస్తే మళ్ళీ అదే వలయం. పాతబడిన ఆ పెన్‌డ్రైవ్ వ్రాతను స్వీకరించలేకపోతోంది. అనగా, ఆ రాత్రి కంప్యూటర్ మొండికెత్తలేదు. తాతగారి మాటలనే చివరిదాకా దాచడానికి ప్రయత్నిస్తోంది. స్విచ్చి కట్టింది మేష్టారు.

సంగతి విని ఆయన కొంతసేపు మాట్లాడలేదు. అదృష్టవశాత్తు పది రోజుల క్రిందటి ప్రతి ఒకటి కంప్యూటర్ లోపలి డిస్కులో దొరికింది. పోయిన పేజీలను కాగితాలు చూసి తిరిగి టైపు చేశారు. ఇప్పుడు ప్రతి సాయంత్రం రెండుచోట్ల ప్రతులు దాచి, ప్రోగ్రామ్‌లన్నీ తానే మూసి, ఆ తరువాతనే షట్‌డౌన్ నొక్కుతున్నారు.

"గదులన్నీ ఖాళీ అయ్యాయో లేదో చూసుకున్నాకే తాళం" అంటారు నవ్వుతూ.