ముసలి కుక్కకు ఆయాసమా? గుండెను పరీక్ష చేయించండి

తోట్లవల్లూరు లంకలలోని పసుపు, అరటి తోటలకు రాత్రివేళ కాపలా ఉండునది కుక్కయే. వయసు మళ్లిన ఆ కుక్క నాలుగడుగులకే ఆగిపోవుచున్నచో, రాత్రులు దగ్గుచున్నచో, "ముసలిది, ఇక ఇంతే" అని వదలివేయకండి.

వయసు వచ్చినంత మాత్రమున గుండె పెరగదు; వ్యాధి పెంచును. ముసలి కుక్కలలో, ముఖ్యముగా చిన్నజాతులలో, గుండె ఎడమవైపు కవాటము దళసరియై సరిగా మూసుకొనదు. తలుపు సరిగా పడని లాకువలె నెత్తురును వెనుకకు వదలును. ఆ భారమునకు గుండె క్రమముగా సాగి పెద్దదగును. కడకు ఊపిరితిత్తులలో నీరు చేరును. పెద్దజాతులలో నడివయసుననే గుండె కండరము బలహీనపడి సాగవచ్చును.

ఎక్స్‌రేలో గుండె పొడవు, వెడల్పులను వెన్నుపూసలతో కొలుచు పద్ధతి 1995లో వెలువడినది. రెండును కలిపి 10.5 పూసలు దాటినచో గుండె పెరిగినదని సాధారణముగా అనుమానింతురు. కొన్ని జాతులకు ఈ కొలత సహజముగనే ఎక్కువ.

ఇంటివద్ద మీరు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. కుక్క గాఢముగా నిద్రించునపుడు డొక్క ఎగసి పడుటను ఒకటిగా లెక్కించండి. నిమిషమునకు 30 దాటి, మరల లెక్కించినను అట్లే ఉన్నచో వెంటనే పశువైద్యునికి చూపించండి. గన్నవరమున ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు.

కవాట వ్యాధివలన గుండె పెరిగిన కుక్కలకు పిమోబెండాన్ మందు ఇచ్చినచో, ఊపిరితిత్తులలో నీరు చేరు దశ సుమారు 15 నెలలు ఆలస్యమగునని 2016లో వెలువడిన పరిశోధన తెలిపినది. అయితే వైద్యుని సలహా లేక ఏ మందూ వేయరాదు.